పచ్చగడ్డి బిరడా

ఆ ఏడు మా కొండ కింద పచ్చగా మిగిలిందల్లా మా గేటుకి వేసిన రంగు ఒక్కటే. ఎనిమిది నెలలుగా చినుకు లేదు. వాగులో నీళ్ళు పోయి ఇసుక మిగిలింది, ఆ ఇసుక కూడా దుమ్మై లేచేది. అవతలి కొండల మీద అడవి ఎక్కడో ఒకచోట తగలబడుతూనే ఉండేది. పొద్దున లేచేసరికి దండెం మీది బట్టలకి బూడిద. దులిపితే మరకయ్యేది, దులపకపోతే దగ్గొచ్చేది. బడులకి సెలవులిచ్చారు. కిటికీలకి తడి దుప్పట్లు కట్టుకుంటే గంటలో ఎండి అట్టల్లా అయ్యేవి.

మాకు నలభై తేనెపెట్టెలు. అడవి అంచున, ఫారెస్టు వాళ్ళు అనుమతిచ్చిన జాగాలో మా ఆయన పెట్టినవి. ఆయన పోయాక నేనూ మా మరిదీ చూసుకుంటున్నాం. మరిదికి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మగ తేనెటీగ గతి చూశాక కూడానా?" అంటాడు. జత కట్టిన మగ ఈగ అక్కడికక్కడే చచ్చిపోతుంది మరి.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ పెట్టెల పుస్తకం రాసేవాడు. ఏ రోజు ఏ పెట్టె తెరిచాం, అందులో ఏం చూశాం, ఏం చేశాం, అన్నీ. పెట్టె మూయగానే పుస్తకం తెరిచేవాడు. "అవి ఏం చేశాయో ఈగలు మనకి చెప్పవు. మనం ఏం చేశామో మనమైనా రాసుకోవాలిగా" అనేవాడు. ఆయన పోయాక ఆ పుస్తకం బీరువా మీదే పడి ఉంది. మరిదికి రాయడమంటే బద్ధకం. నాకా, రాదు. చివరికి యాభై ఎనిమిదో ఏట లైబ్రరీలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పే అమ్మాయి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. "మొదట ఏం రాద్దాం అమ్మమ్మా, మీ పేరా?" అంది. "పేరెందుకు, 'పెట్టె' అని రాయించు" అన్నాను. రెండేళ్ళకి పుస్తకం నా చేతికొచ్చింది. ఆయన ఒక్క గీతలో రాసేది నాకు నాలుగు గీతలయ్యేది. అయినా ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఎండాకాలం మొదట్లో ఫారెస్టు ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. ఆరుబయట నిప్పు పనికిరాదు. పొయ్యి, చెత్త మంట, సిగరెట్టు, అన్నీ వరసగా రాసి, చివర "తేనె తీసేవారి పొగడబ్బా" అని కూడా రాశారు. వేలు పెట్టుకుంటూ నేనే చదివాను. మరిది నా వెనకాల నిలబడి నిట్టూర్చాడు.

"నీకు చదువు రాకపోయినా బాగుండేది వదినా. మాకు తెలీదని చెప్పేవాళ్ళం."

పొగడబ్బా అంటే రేకు డబ్బా, దానికి పక్కన తోలుతిత్తి. లోపల గోనె పీలికలు ముట్టించి తిత్తి నొక్కితే మూతిలోంచి చల్లటి పొగ వస్తుంది. పొగ తగలగానే ఈగలు అడవి అంటుకుందనుకుంటాయి. ఇల్లు వదిలి పోవాల్సొస్తుందేమోనని కడుపు నిండా తేనె తాగి మత్తుగా కూర్చుంటాయి. కుట్టవు. పనయ్యాక డబ్బా మూతిలో పిడికెడు పచ్చగడ్డి మెలిపెట్టి కుక్కుతాం. గాలాడక నిప్పు చచ్చిపోతుంది. దాన్ని గడ్డి బిరడా అంటాం. ముప్పై ఏళ్ళుగా ఆ గడ్డి అందించడం నా పని. మా ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపేవాడు, నేను వంగి ఇంత గడ్డి పీకి అరచేతిలో పెట్టేదాన్ని. ఇద్దరికీ మాటతో పని ఉండేది కాదు. ఆయన తర్వాత మరిదీ అలాగే చెయ్యి చాపడం మొదలుపెట్టాడు.

మా పెట్టెలున్న చోటికి వాగు అవతల, ఏటవాలు మీద ఒక మేకల కొట్టం ఉండేది. ఆ మేకలాయన ప్రతి మేక మెడలోనూ గంట కట్టాడు. అందుకే అందరూ ఆయన్ని గంటలాయన అనేవాళ్ళు. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ముప్పై మేకలు వాలు దిగుతుంటే, ఎవరో గిన్నెల బుట్ట దొర్లించినట్టుండేది. ఆయన నోట్లో ఎప్పుడూ సిగరెట్టు ఉండేది. నోటీసు వచ్చాక కూడా తీయలేదు, ముట్టించడం మాత్రం మానేశాడు.

"ఊరికే పెట్టుకుంటున్నా చెల్లెమ్మా" అని నవ్వాడు ఒకరోజు. "మీ డబ్బాకేనా బిరడా? నా మూతికీ ఒకటి ఉండద్దూ?"

పొగ లేకుండా పెట్టెలు తెరవడమంటే మామూలు సంగతి కాదు. పువ్వు అన్నది లేక ఈగలు ఆకలి మీదున్నాయి. పంచదార నీళ్ళు పోద్దామని మూత ఎత్తితే చాలు, మొహం మీదికి వచ్చేవి. మూడు వారాలు అలాగే చేశాం. చేతి తొడుగులు రెండేసి వేసుకున్నాం. నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి చేశాం. అయినా మరిది చెవి చేటంతైంది, నాకు ఒక కన్ను సగం మూసుకుపోయింది. అన్నిటికంటే పదిహేడో పెట్టె చెడ్డది. మరిది దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాడు.

"నీకు అత్తగారు లేరుగా?" అన్నాను.

"లేకపోతేనేం, ఉంటే ఇలాగే ఉంటుంది."

ఒక రోజు మధ్యాహ్నం అత్తగారి పెట్టె మూత ఎత్తగానే ఒక ఈగ నా వల టోపీలో దూరి, బాగున్న రెండో కంటి కింద కుట్టింది. నేను పంచదార నీళ్ళ పళ్ళెం వదిలేసి కింద కూలబడ్డాను. మరిది నన్ను చూశాడు, పెట్టెని చూశాడు, సామాను పాకలోకి వెళ్ళి పొగడబ్బా పట్టుకొచ్చాడు.

"వద్దు" అన్నాను.

"ఒక్క పెట్టెకే వదినా. పది నిమిషాలు. రెండు కళ్ళూ పోతే పుస్తకం ఎవరు రాస్తారు?"

నేను ఆ 'వద్దు' ఒక్కసారే అన్నాను. గట్టిగా అంటే ఆగేవాడు. నా మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. కానీ కన్ను మండిపోతోంది, పొగ వాసన తగలగానే ప్రాణం హాయిగా అనిపించింది. గట్టిగా అనలేదు.

పది నిమిషాల్లో పనైపోయింది. అత్తగారు నోరెత్తలేదు. మరిది మూత పెట్టి, ఎప్పటిలాగే వెనక్కి చెయ్యి చాపాడు. నేను వంగాను, పిడికెడు గడ్డి పీకాను, అరచేతిలో పెట్టాను. అతను మెలిపెట్టి డబ్బా మూతిలో కుక్కాడు. మోపెడ్ హేండిల్‌కి డబ్బా తగిలించి, నన్ను వెనక ఎక్కించుకుని, వాగు దారిన ఇంటికి తీసుకొచ్చాడు.

గేటు దగ్గర దిగి చూస్తే డబ్బా మూతి ఖాళీగా ఉంది. లోపల గోనె ఇంకా సన్నగా రాజుకుంటూనే ఉంది. మరిది చెంబుడు నీళ్ళు పోశాడు.

"బిరడా దారిలో పడ్డట్టుంది" అన్నాడు.

"వెళ్ళి చూసొద్దామా?"

"ఆరిపోయుంటుందిలే. నువ్వు ముందు కంటికి తడిగుడ్డ వేసుకో."

నేను తడిగుడ్డ వేసుకునే ముందు పుస్తకం తీశాను. ఒంటికన్నుతో రాశాను. "పదిహేడు. పంచదార నీళ్ళు పోశాం. పొగ పెట్టాం. గడ్డి బిరడా దారిలో పడింది." తర్వాత పడుకున్నాను.

నన్ను లేపింది సైరను కాదు, గంటలు. మేకలు వాలు దిగేటప్పుడు వినపడే చప్పుడు కాదది. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, మా వీధిలోంచి, ఇళ్ళ మధ్య నుంచి పరిగెడుతున్నాయి. బయటికొచ్చి చూస్తే వాగు మలుపు దగ్గర్నుంచి కొండ మీదికి పొగ గోడలా లేచి ఉంది. దాని అడుగున ఎర్రటి గీత. గీత పైకి పాకుతోంది.

మరిది గేటు పట్టుకుని నిలబడ్డాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

రెండు రోజులు పట్టింది ఆర్పడానికి. మనుషులకి ఏమీ కాలేదు. ఏటవాలు మొత్తం నల్లగా మాడిపోయింది. గంటలాయన కొట్టం కాలిపోయింది. లోపల కట్టేసి ఉన్న ఈనిన మేకలు తొమ్మిది, తలుపు తీసేలోపే పోయాయట. గాలి అటు తిరగడం వల్ల మా నలభై పెట్టెల్లో ఒక్కటి కూడా కాలలేదు. "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అని వీధి వీధంతా అంది. అన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

మూడో రోజు నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉంటే మా ఎదురింటి కుట్టుమిషనావిడ అంది, "ఇంకెవరు? ఆ గంటలాయనే. నోట్లో ఇరవై నాలుగ్గంటలూ సిగరెట్టేగా!"

"ముట్టించేవాడు కాదు" అన్నాను.

"నువ్వు చూశావా? ఆ మలుపు దగ్గర రోజూ కూర్చునేది ఆయనే. సోమవారం విచారణట. మేపుకునే అనుమతి తీసేస్తారు. మిగిలిన మేకల్ని అమ్ముకుని ఏ ఊరో పోవాల్సిందే."

నేను బిందె నింపుకుని ఇంటికొచ్చాను. సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి.

ఆదివారం పొద్దున పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మరిది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఆ కాగితం చింపెయ్ వదినా."

నేను పుస్తకం మీద చెయ్యి పెట్టాను.

"నీకు తెలీడంలేదు. నలభై పెట్టెలూ అక్కణ్ణుంచి పీకేస్తారు. నన్ను లోపలేస్తారు. అన్నయ్య ముప్పై ఏళ్ళ కష్టం."

"మరి గంటలాయనో?"

"ఆయన... ఆయన ఏదో ఒక పని చేసుకుంటాడు." ఆ మాట అన్నాడే గానీ, అంటూ గోడకేసి చూశాడు.

"ఈ వయసులోనా? మేకలు తప్ప ఇంకేం తెలుసు ఆయనకి?"

"నువ్వు రాయకుండా ఉంటే అసలు ఏ గొడవా ఉండేది కాదు!" అని ఒక్కసారి అరిచాడు. "ఎందుకు నేర్చుకున్నావ్ ఈ రాత? మనల్ని మనమే పట్టిచ్చుకోడానికా?"

ఆ ఇంట్లోకి నేను కాపురానికొచ్చినప్పుడు అతనికి పధ్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో నా మీద గొంతెత్తడం అదే మొదలు. నాకు కోపం రాలేదు. భయపడ్డవాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పుస్తకం తీసి అతని చేతిలో పెట్టాను.

"నా చేత్తో చింపలేను. నువ్వే చింపు."

అతను పుస్తకం తీసుకున్నాడు. ఆ పేజీ కోసం వెతుకుతూ ముందుకీ వెనక్కీ తిప్పాడు. అది పన్నెండేళ్ళ పుస్తకం, ముందు భాగమంతా వాళ్ళన్నయ్య చేతిరాతే. ఒకచోట అతని చెయ్యి ఆగింది. చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చదివాడు.

"'ఆరో పెట్టె. తమ్ముడి చేతిలోంచి చట్రం జారి రాణి ఈగ చచ్చిపోయింది. వాడి తప్పు కాదు, తొందరపెట్టింది నేను.'"

ఆ గీత మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు.

"ఇది రాశాడని నాకు తెలీదు" అన్నాడు మరిది. "ఆ రోజంతా నన్ను తిట్టాడు తెలుసా? గాడిదా అన్నాడు."

"తిట్టుంటాడు. తిట్టడం తిట్టడమే, రాయడం రాయడమే."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక అన్నం తినకుండా పడుకున్నాడు.

సోమవారం నేను చీర మార్చుకుని, పుస్తకం సంచిలో పెట్టుకుని, నడిచి వెళ్దామని బయటికొచ్చేసరికి గేటు ముందు మోపెడ్ ఆగి ఉంది. మరిది గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

"ఎక్కు" అన్నాడు. "ఆలస్యమవుతుంది."

ఫారెస్టు ఆఫీసులో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి పెద్ద కొండల పటం. అందులో కాలిన చోట్లకి ఎర్రరంగు పూశారు. రేంజరమ్మ పటం కింద కూర్చుని ఉంది. వారాల తరబడి నిద్రలేని మొహం ఆమెది. గంటలాయన గోడవార బెంచీ మీద ఉన్నాడు. ఆ రోజు నోట్లో సిగరెట్టు లేదు. అది లేని ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు.

"ఏంటమ్మా?" అంది రేంజరమ్మ.

"ఆ రోజు సంగతి చెప్పాలి. రాసిపెట్టి ఉంది."

ఆమె చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి, చూస్తాను."

"నేనే చదువుతానమ్మా. రాసింది నేనే."

నేను గట్టిగా చదవడం లైబ్రరీ బయట అదే మొదటిసారి. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఉన్నది నాలుగు మాటలే, ఎంతకీ తరగలేదు.

"ముట్టించింది నేను మేడం" అన్నాడు మరిది వెనక నుంచి. "వదిన వద్దంది."

"ఒక్కసారే అన్నాను" అన్నాను. "ఇంకోటి కూడా ఉందమ్మా, అది రాయలేదు. బిరడాకి గడ్డి ఇచ్చింది నేను. ఎప్పుడూ పచ్చగడ్డి పెడతాం. ఈ ఏడు పచ్చగడ్డి ఎక్కడుంది? ఎండుగడ్డి పీకి ఇచ్చాను. చేతికి గరగరలాడింది కూడా. అలవాటు కొద్దీ ఇచ్చేశాను. అదే అంటుకుని దారిలో పడింది. పడిందని తెలిశాక కూడా మేం వెనక్కి వెళ్ళి చూడలేదు."

రేంజరమ్మ కలం కింద పెట్టింది. బెంచీ మీంచి గంటలాయన లేచాడు. ఆయన తిడతాడని అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తొమ్మిది, చెల్లెమ్మా" అన్నాడు నా వైపు చూడకుండా. "రెండిటికి పిల్లలు ఇంకా పాలు తాగుతున్నాయి."

తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మీద విచారణ ఆ రోజుతో ఆగిపోయింది. మా పెట్టెల అనుమతి రద్దయింది. నలభైనీ తెచ్చి ఊరికి అటు చివర, మూతబడ్డ ఇటుకల బట్టీ వెనక పెట్టుకున్నాం. మార్చడంలో పదకొండు పెట్టెల్లో ఈగలు చచ్చిపోయాయి. మరిదిని జైల్లో వెయ్యలేదు, కానీ వానలు పడేదాకా మంటలార్పే వాళ్ళతో కలిసి పని చెయ్యాలన్నారు. రోజూ పొద్దున్నే పార పట్టుకుని వెళ్ళేవాడు. మంట దాటి రాకుండా కొండ మీద అడ్డంగా చెట్టూ చేమా నరికి, మట్టి తేలేదాకా గీకే పని. సాయంత్రం కళ్ళూ పళ్ళూ తప్ప అంతా నల్లగా వచ్చేవాడు. దగ్గి దగ్గి పడుకునేవాడు. ఆదివారాలు వాలు మీదికెళ్ళి, ఎవరూ అడక్కుండానే, గంటలాయన కొట్టానికి గుంజలు పాతేవాడు. గంటలాయన వద్దనలేదు, రమ్మనలేదు. ఒక వైపు మరిది, ఇంకో వైపు ఆయన, ఒక్క మాట లేకుండా కప్పు వేసుకున్నారు.

"కనీసం సుత్తి అందిస్తాడా?" అని అడిగాను ఒకసారి.

"అందిస్తాడు. నేలకేసి చూస్తూ అందిస్తాడు."

వీధిలో కొందరు మాతో మాటలు తగ్గించారు. కుట్టుమిషనావిడ మాత్రం నా బిందె పట్టుకుని ట్యాంకరు దాకా వచ్చింది. ఆమె కూడా గంటలాయన్ని ఏదో అన్నదే కదా, అది గుర్తొచ్చినట్టుంది.

ఒక మధ్యాహ్నం, మూడింటప్పుడు, వాన పడింది. ముందు అది బూడిదేమో అనుకున్నాను. వీధిలో తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. మరిది కొండ మీంచి తడుస్తూనే వచ్చాడు, మొహం మీది నలుపు చారలు చారలుగా కారుతోంది. గేటు దగ్గర పార ఆనించి, మెట్టు మీద కూర్చుని, చొక్కా విప్పకుండానే అలా తడుస్తూ ఉండిపోయాడు. లోపలికి రమ్మని పిలవబోయి ఊరుకున్నాను.

నెలలోపే నల్లటి వాలు మీద గడ్డి మొలిచింది. దూరం నుంచి చూస్తే నల్ల దుప్పటి మీద పచ్చ దారం ఊడినట్టుంది.

ఒక పొద్దున పుస్తకం రాసుకుంటుంటే వీధి చివర గంటలు వినపడ్డాయి. నా కలం ఆగిపోయింది. గంటలు మా గేటు దగ్గరికొచ్చి ఆగాయి. బయటికొచ్చాను. గంటలాయన నిలబడి ఉన్నాడు, చుట్టూ మేకలు. చేతిలో పిడికెడు పచ్చగడ్డి, మెలిపెట్టి ఉంది.

"మీ డబ్బాకి" అని గేటు మీంచి చాపాడు.

నేను చెయ్యి చాపి తీసుకున్నాను. తడిగా, బరువుగా ఉంది. ముప్పై ఏళ్ళు నేను ఇచ్చిన గడ్డిని ఒకరి చేతిలోంచి తీసుకోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఏదో అనబోయాను. ఈలోగా ఒక మేకపిల్ల గేటు కమ్మీల్లోంచి మెడ సాచి, నా చేతిలోని బిరడాని మూడు కొరుకుల్లో తినేసింది.

"ఓసి నీ దుంప తెగ!" అని గంటలాయన దాని చెవి పట్టుకున్నాడు. పట్టుకుని, దాని మొహం చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. "తల్లి లేని పిల్ల చెల్లెమ్మా. సీసాతో పాలు పట్టి పెంచుతున్నా. దీనికి భయం లేదు, భక్తీ లేదు."

నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. కొంగుతో తుడుచుకున్నాను. ఆయన చూడనట్టు మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మరిది బయటికెళ్ళి, "వదినా, ఇలా రా" అని కేకేశాడు. ఏమీ కనపడలేదు మొదట. గేటు రంగులో కలిసిపోయింది. అతను వేలు పెట్టి చూపించాక చూశాను. గేటు పై కమ్మీకి, మేకలకి అందనంత ఎత్తులో, పచ్చగడ్డి బిరడా ఒకటి దారంతో గట్టిగా కట్టి ఉంది.